లెక్క తేలకుండా విమానం ఎక్కొద్దు

శంషాబాద్‌లో గల్ఫ్ విమానం దిగిన ఉత్తర తెలంగాణ కార్మికుడికి ఇంటికి పోను రెండు దారులు. కామారెడ్డి, నిజామాబాద్, నిర్మల్ వైపు వాళ్లు ఔటర్ రింగు రోడ్డు మీదుగా మేడ్చల్ దగ్గర దిగి, అత్వెల్లి దాటి 44వ నంబరు జాతీయ రహదారి మీద సాగిపోతారు. సిరిసిల్ల, కరీంనగర్, జగిత్యాల వాళ్లు శామీర్‌పేట దగ్గర రాజీవ్ రహదారి ఎక్కుతారు. పండక్కో పెళ్లికో వచ్చేవాళ్ల బండ్ల మీద తాళ్లు బిగించిన అట్టపెట్టెలు, దుప్పట్ల మూటలు కనిపిస్తాయి. పని పోయి వచ్చేవాళ్ల దగ్గర చాలాసార్లు ఒక బ్యాగు తప్ప ఏమీ ఉండదు. ఆగిపోయిన జీతం, ఏళ్ల సర్వీసుకు రావాల్సిన గ్రాట్యుటీ, నోటీసు కాలపు డబ్బు అక్కడే ఉండిపోతాయి.

ఆ డబ్బు చట్టప్రకారం అతనిది. ఈ సంగతి అత్వెల్లి నుంచి ఆదిలాబాద్ దాకా ఏ ఊళ్లో అడిగినా కొద్దిమందికే తెలుసు. అరబ్బు దేశంలో మనకు చట్టమేముంది, కఫీల్ (వీసా ఇచ్చిన యజమాని) చెప్పిందే వేదం కదా అన్న మాట ఇంటింటా నాటుకుపోయింది. అనుభవం నుంచే పుట్టిన మాట కాబట్టి తేలిగ్గా తీసిపారేయలేం. కానీ కాగితం మీద ఉన్న హక్కులు చూస్తే మాత్రం అది సగం అబద్ధం.

యూఏఈ సంగతి చూద్దాం. 2021లో తెచ్చిన 33వ నంబరు కార్మిక చట్టం 2022 ఫిబ్రవరి 2 నుంచి అమల్లో ఉంది. ఉద్యోగం నుంచి తీసేయాలంటే ఒప్పందంలో రాసుకున్న ప్రకారం 30 నుంచి 90 రోజుల నోటీసు ఇవ్వాలి, లేదా ఆ రోజుల జీతం చెల్లించాలి. ఏడాది సర్వీసు నిండినవారికి మొదటి ఐదేళ్లలో ఏడాదికి 21 రోజుల చొప్పున, ఆ తర్వాత ఏడాదికి 30 రోజుల చొప్పున బేసిక్ జీతం గ్రాట్యుటీగా రావాలి. ఒప్పందం ముగిసిన 14 రోజుల్లోగా మొత్తం బాకీ తీర్చాలి. నెలకు వెయ్యి దిర్హమ్‌ల బేసిక్‌తో ఆరేళ్లు పనిచేసిన తాపీమేస్త్రీకి గ్రాట్యుటీయే 4,500 దిర్హమ్‌లు వస్తుంది. మన లెక్కలో లక్ష రూపాయలకు అటూ ఇటూ.

సౌదీలో మొదటి ఐదేళ్లకు ఏడాదికి అర నెల జీతం, ఆపైన ఏడాదికి నెల జీతం. యజమానే పనిలోంచి తీసేస్తే వారం రోజుల్లో లెక్క తేల్చాలి. కువైట్ 2010 నాటి చట్టం నెల జీతగాళ్లకు మూడు నెలల నోటీసు ఇవ్వాలంటుంది. ఖతర్‌లో ఏడాది దాటిన సర్వీసుకు ఏటా కనీసం మూడు వారాల బేసిక్ జీతం ఇవ్వాలి. కంపెనీకి ప్రాజెక్టులు లేకపోయినా, యజమాని మారినా, మందిని తగ్గించుకున్నా ఈ బాకీలు రద్దు కావు.

మరి డబ్బు ఎక్కడ పోతోంది? చాలావరకు ఒక సంతకం దగ్గర పోతోంది.

కంపెనీ నష్టాల్లో పడ్డప్పుడు క్యాంపులో జరిగే తంతు గల్ఫ్‌కు పోయి వచ్చినవాళ్లందరికీ తెలిసిందే. పది మందిని ఆఫీసుకు పిలుస్తారు. అరబ్బీలో టైపు చేసిన కాగితం ముందు పెడతారు. సంతకం చేస్తే టికెట్, పాస్‌పోర్టు ఇస్తాం, లేదంటే కేసు నడిచేదాకా ఇక్కడే ఉండు అంటారు. మెస్ మూతపడి, అకామా (నివాస అనుమతి) గడువు తీరి, ఇంటి దగ్గర మిత్తి పెరుగుతున్న మనిషి సంతకం పెట్టేస్తాడు. ఆ కాగితంలో చాలాసార్లు రెండు సంగతులు ఉంటాయి. నాకు రావాల్సినవన్నీ ముట్టాయి అన్నది ఒకటి. నా ఇష్టంతో నేనే ఉద్యోగం మానేస్తున్నాను అన్నది రెండోది.

ఈ రెండో వాక్యం ఖరీదు ఎంతో సౌదీ చట్టంతోనే లెక్క కట్టొచ్చు. నెలకు 1,200 రియాళ్ల జీతంతో ఎనిమిదేళ్లు చేసిన కార్మికుణ్ణి కంపెనీ తీసేస్తే మొదటి ఐదేళ్లకు 3,000, తర్వాతి మూడేళ్లకు 3,600, మొత్తం 6,600 రియాళ్లు రావాలి. అతనే రాజీనామా చేసినట్టు రాసుకుంటే, ఐదు నుంచి పదేళ్లలోపు సర్వీసుకు మూడింట రెండు వంతులే వస్తుంది. అంటే 4,400. చదవలేని ఒక్క వాక్యం కింద సంతకం చేసినందుకు 2,200 రియాళ్లు, దాదాపు 50 వేల రూపాయలు పోతాయి. అదే అతను రెండేళ్లు దాటి ఐదేళ్లలోపు ఉన్నవాడైతే మిగిలేది మూడో వంతే. యూఏఈలో 2023 జనవరి నుంచి ఉద్యోగం పోయినవారికి బీమా ఉంది. నెలకు 5 దిర్హమ్‌ల నుంచే ప్రీమియం. వరసగా 12 నెలలు కట్టి ఉంటే బేసిక్ జీతంలో 60 శాతం చొప్పున మూడు నెలలపాటు ఇస్తారు. రాజీనామా చేసినవారికి అది రాదు. ఉద్యోగం పోయిన 30 రోజుల్లోగా దరఖాస్తు చేయకపోయినా రాదు. దేశం విడిచి వచ్చేస్తే ఆశ వదులుకోవాల్సిందే.

బేసిక్ జీతం అన్న గడిలో ఏ అంకె రాస్తున్నారో ఊరు దాటే ముందే చూసుకోవాలి. యూఏఈ, ఖతర్‌లలో గ్రాట్యుటీకి బేసిక్ జీతమే ఆధారం. మొత్తం 1,400 ఇస్తామని చెప్పి, బేసిక్ 700, మిగతాది అలవెన్సు అని రాస్తే నెలనెలా చేతికొచ్చే డబ్బులో తేడా కనిపించదు. ఉద్యోగం పోయిన రోజున గ్రాట్యుటీ సగమై కూర్చుంటుంది.

ఈ కోణంలో చూస్తేనే 2020 సెప్టెంబరులో భారత విదేశాంగ శాఖ చేసిన పని ఎంత అన్యాయమో అర్థమవుతుంది. మన కార్మికుల కోసం మన ప్రభుత్వమే నిర్ణయించే కనీస సిఫారసు వేతనాలను ఆరు గల్ఫ్ దేశాలకు 30 నుంచి 50 శాతం తగ్గిస్తూ అది సర్క్యులర్లు ఇచ్చింది. యూఏఈ, ఖతర్, ఒమన్, బహ్రెయిన్‌లకు నెలకు 200 డాలర్లు, కువైట్‌కు 245, సౌదీకి 324 డాలర్లు చాలన్నది. కరోనా కాలంలో ఉద్యోగాలు కాపాడటానికే ఇలా చేశామని చెప్పుకుంది. వేతనం తగ్గితే నెల జీతమే కాదు, ఓవర్‌టైం, నోటీసు డబ్బు, గ్రాట్యుటీ, ప్రమాద పరిహారం అన్నీ తగ్గుతాయి. తెలంగాణ గల్ఫ్ సంఘాలు రోడ్డెక్కాయి. ఎమిగ్రెంట్స్ వెల్ఫేర్ ఫోరం తరఫున తెలంగాణ హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం పడింది. చివరికి 2021 జులైలో కేంద్రం పాత వేతనాలనే పునరుద్ధరించింది. కార్మికులు అడిగి, కోర్టు మెట్లెక్కి సాధించుకున్న ఈ విజయం గురించి మన పత్రికలు రాయాల్సినంత రాయలేదు.

పెద్ద కంపెనీలో చేరితే భద్రం అనుకునే కాలం కూడా పోయింది. 2016 వేసవిలో సౌదీ ఓజర్ అనే నిర్మాణ సంస్థ నెలల తరబడి జీతాలు ఆపేయడంతో జెద్దా క్యాంపుల్లో వేల మంది భారతీయులు తిండికి కటకటలాడారు. అప్పటి విదేశాంగ మంత్రి సుష్మా స్వరాజ్ ఆహారం పంపించారు, సహాయ మంత్రి వి.కె. సింగ్ జెద్దా వెళ్లారు. జీతాల క్లెయిములు నమోదు చేసి వచ్చేయండి, ఎదురుచూస్తూ కూర్చోవద్దు అని కార్మికులకు చెప్పారు. మరుసటి ఏడాది ఆ కంపెనీ మూతపడింది. కువైట్‌లో ఖరాఫీ నేషనల్ కార్మికులదీ ఇదే గోడు. 2020 సెప్టెంబరు చివర దుబాయ్‌కి చెందిన అరబ్‌టెక్ వాటాదారులు కంపెనీని మూసేయాలని తీర్మానించుకున్నారు. బుర్జ్ ఖలీఫా కట్టిన కంపెనీల్లో అదొకటి.

ఆ ఏడాది మే 7న, కరోనాతో విదేశాల్లో చిక్కుకున్నవారిని తెచ్చే వందేభారత్ విమానాలు మొదలయ్యాయి. మనుషులను తీసుకురావడానికి ప్రభుత్వం చూపిన చొరవ మెచ్చుకోదగ్గదే. కానీ విమానం ఎక్కే వారిని, నీకు కంపెనీ ఎంత బాకీ ఉంది, కాగితాలు ఏమున్నాయి అని అడిగి రాసుకునే ఏర్పాటు లేదు. ఎక్కే ముందు ఒక్క ఫారం నింపించి ఉంటే ఎన్ని కోట్ల బాకీ అక్కడ మిగిలిందో ఈ రోజు మన దగ్గర లెక్క ఉండేది. ఆ లెక్కతో ఆయా ప్రభుత్వాలను నిలదీసే వీలుండేది.

గడువు సంగతి ఇంకా ముఖ్యం. సౌదీలో, కువైట్‌లో, ఖతర్‌లో ఉద్యోగం ముగిసిన ఏడాదిలోగా దావా వేయాలి. యూఏఈలో 2024 సవరణతో అది రెండేళ్లయింది. అక్కడ లక్ష దిర్హమ్‌లలోపు కార్మిక వ్యాజ్యాలకు కోర్టు ఫీజు లేదు, 50 వేల దిర్హమ్‌లలోపు తగాదాలను కార్మిక శాఖే తేల్చేయగలదు. ఇంత సదుపాయం ఉన్నా, తిరిగొచ్చిన మనిషి అక్కడ లేడు కాబట్టి అతని తరఫున నిలబడేవాడు కావాలి. అందుకు మంచి మార్గం, వచ్చే ముందే పవర్ ఆఫ్ అటార్నీ రాసి రావడం. భారత రాయబార కార్యాలయంలో ధ్రువీకరణ చేయించుకోవచ్చు. నమ్మకస్తుడైన ఊరివాడి పేరునో, వకీలు పేరునో రాసిచ్చి, కార్మిక కార్యాలయంలో ఫిర్యాదు నంబరు తీసుకుని వస్తే కేసు బతుకుతుంది. ఇంటికి చేరాక రాయించి పంపడం కూడా కుదురుతుంది కానీ, ధ్రువీకరణల మీద ధ్రువీకరణలతో గడువులో చాలా భాగం అక్కడే కరిగిపోతుంది.

మన దేశం వైపు నుంచి ఉన్న రక్షణలు కూడా వాడకపోవడం వల్లే తుప్పు పడుతున్నాయి. పదో తరగతి పాసు కానివారు 18 దేశాలకు పనికి పోవాలంటే 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద అనుమతి తీసుకోవాలి, ప్రవాసీ భారతీయ బీమా యోజనలో చేరాలి. రెండేళ్లకు ప్రీమియం 275 రూపాయలు, మూడేళ్లకు 375, పన్ను అదనం. ప్రమాదంలో చనిపోతే 10 లక్షలు అన్న సంగతే అందరికీ తెలుసు. తన తప్పు లేకుండా గడువుకు ముందే ఉద్యోగం పోతే స్వదేశానికి విమాన టికెట్ ఖర్చు, విదేశీ ఉద్యోగానికి సంబంధించిన కేసుకు 45 వేల రూపాయల దాకా న్యాయ ఖర్చు కూడా ఆ పాలసీలోనే ఉన్నాయి. షరతు ఒక్కటే, కారణాన్ని అక్కడి భారత రాయబార కార్యాలయం ధ్రువీకరించాలి. ఆ ధ్రువపత్రం లేకుండా వచ్చేస్తే పాలసీ కాగితం పెట్టెలోనే ఉండిపోతుంది. ఏ దిక్కూ లేనివారికి రాయబార కార్యాలయాల్లో భారతీయ సమాజ సంక్షేమ నిధి ఉంది, ఫిర్యాదుకు మదద్ పోర్టల్ ఉంది.

విజిట్ వీసా మీద పోయినవారికి, ఆజాద్ వీసా కొనుక్కుని పోయినవారికి ఈ గొడుగు ఉండదు. ఏజెంటు 30 వేల రూపాయలకు మించి తీసుకోకూడదని నిబంధన ఉంటే, లక్ష, లక్షన్నర ఇచ్చి పోయేవాళ్లు ఊరికి పదిమంది కనిపిస్తారు. ఒప్పందం ఒక కంపెనీతో, పని ఇంకో చోట. అక్కడ తీసేస్తే ఖల్లివెల్లి (కాగితాల్లేని మనిషి) అయిపోవడమే. అలాంటి మనిషిని చట్టం ముందు నిలబెట్టడం చాలా కష్టం. అయినా చేసిన పనికి జీతం అడిగే హక్కు అతనికీ ఉందని మన అధికారులు గుర్తుంచుకోవాలి.

కడప, అన్నమయ్య, గోదావరి జిల్లాల నుంచి కువైట్ ఇళ్లల్లో పనికి పోయిన ఆడవాళ్ల సంగతి మరీ దారుణం. కార్మిక చట్టం వాళ్లకు వర్తించదు. 2015లో కువైట్ ఇంటి పనివారి కోసం విడిగా 68వ నంబరు చట్టం చేసింది. ఒప్పందం ముగిసినప్పుడు ఏడాదికి నెల జీతం చొప్పున ఇవ్వాలని అందులో ఉంది. ఫోన్ కూడా యజమానురాలి చేతిలో ఉండే ఇంట్లో, అలాంటి చట్టం ఉందని ఆమెకు చెప్పేది ఎవరు?

అమెరికా వైపు తిరిగితే మనుషులు వేరు, భయం అదే. మేడ్చల్, శామీర్‌పేట వెంచర్లలో ప్లాటు కొని డాలర్లతో కిస్తీ కడుతున్న సాఫ్ట్‌వేర్ కుటుంబాలకు 2022 నవంబరు నుంచి మొదలైన కోతలు ఇంకా మరపునపడలేదు. మెటా 11 వేలు, అమెజాన్ 18 వేలు, గూగుల్ 12 వేలు, మైక్రోసాఫ్ట్ 10 వేల ఉద్యోగాలు తీసేశాయి. హెచ్-1బీ మీద ఉన్నవారికి ఉద్యోగం పోయాక 60 రోజుల వ్యవధి ఉంటుంది. వీసా గడువు అంతకన్నా ముందే తీరితే అప్పటిదాకానే. ఆలోగా కొత్త కంపెనీ పిటిషన్ వేయాలి, లేదా వేరే హోదాకు మారే దరఖాస్తు చేయాలి. ఇంతవరకు అందరికీ తెలుసు.

తెలియనివి కొన్ని ఉన్నాయి. వీసా గడువుకు ముందే తీసేస్తే స్వదేశానికి తిరుగు ప్రయాణ ఖర్చు కంపెనీ భరించాలి. ఉద్యోగం ముగిసిందని ఇమిగ్రేషన్ శాఖకు తెలియజేయాలి. ఈ పనులు చేయకుండా నోటి మాటతో పంపేస్తే జీతం బాధ్యత కంపెనీ మీదే ఉంటుందని అమెరికా కార్మిక శాఖ తీర్పులు ఉన్నాయి. బెంచ్ మీద, అంటే పని ఇవ్వకుండా, కూర్చోబెట్టి జీతం ఆపడం చట్టవిరుద్ధం. ఆ జీతం కోసం 12 నెలల్లోగా ఆ శాఖకు ఫిర్యాదు చేయొచ్చు. గ్రీన్ కార్డు కోసం కంపెనీ వేసే ఐ-140 పిటిషన్ ఆమోదం పొంది 180 రోజులు దాటితే కంపెనీ వెనక్కి తీసుకున్నా సాధారణంగా అది రద్దు కాదు. గ్రీన్ కార్డు వరసలో స్థానం మిగులుతుంది. మన తెలుగువాళ్లే నడిపే కొన్ని కన్సల్టెన్సీలు వీసా ఫీజు ఉద్యోగి దగ్గరే వసూలు చేసి, బెంచ్ మీద పెట్టి, అడిగితే వీసా రద్దు చేస్తామని బెదిరించడం అక్కడ కొత్త కాదు. మనవాడి మీద ఏం ఫిర్యాదు చేస్తాంలే అన్న మొహమాటం వాళ్ల వ్యాపారానికి పెట్టుబడి అయింది. ఆ మొహమాటం వదలాలి.

మలేసియా చట్టం ఇంకా సూటిగా ఉంటుంది. మందిని తగ్గించాల్సి వస్తే అదే పనిలో ఉన్న విదేశీయులను తీసేసిన తర్వాతే స్వదేశీయులను తీయాలని 1955 ఉపాధి చట్టంలోనే రాసుకున్నారు. పరాయి దేశంలో మొదటి వేటు మనమీదే పడుతుందని తెలిసి పోవాలి. వేటు పడినా పరిహారం మాత్రం అడిగి తీసుకోవాలి.

ఇక మన ప్రభుత్వాలు ఏం చేయాలి? 2024 సెప్టెంబరులో తెలంగాణ ప్రభుత్వం గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుల కుటుంబాలకు 5 లక్షల రూపాయల సాయం ప్రకటించింది, ప్రజాభవన్‌లో ప్రవాసీ ప్రజావాణి మొదలుపెట్టింది. ఏళ్ల తరబడి చేసిన పోరాటానికి దక్కిన ఫలితమిది, స్వాగతించాల్సిందే. అయితే మనిషి చనిపోయాక ఇచ్చే సాయం కన్నా ముందు, పని పోయిన రోజున అతని పక్కన నిలబడే మనిషి కావాలి. దుబాయ్, రియాద్, కువైట్, దోహాల్లో తెలుగు తెలిసిన వకీళ్లను రాష్ట్రమే జీతమిచ్చి పెట్టుకోవాలి. నాలుగు నగరాల్లో నలుగురైదుగురు వకీళ్ల ఖర్చు ఈ రాష్ట్ర బడ్జెట్‌కు ఒక లెక్క కాదు.

ఇక్కడ కూడా చేయగల పని ఉంది. ఎస్సీ, ఎస్టీలకు, మహిళలకు, ఆదాయ పరిమితిలోపు ఉన్నవారికి 1987 న్యాయసేవల చట్టం ఉచిత న్యాయసహాయం ఇస్తోంది. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్, కామారెడ్డి జిల్లా న్యాయసేవాధికార సంస్థల్లో గల్ఫ్ బాకీల కోసం విడిగా ఒక బల్ల వేసి, తిరిగొచ్చినవాళ్ల కాగితాలు చూసి, పవర్ ఆఫ్ అటార్నీ రాయించి పంపితే చాలు. నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం శామీర్‌పేటలోనే ఉంది. కరీంనగర్ వైపు పోయే గల్ఫ్ కార్మికులు దాని పక్క నుంచే ఇళ్లకు పోతున్నారు. అక్కడి విద్యార్థులు అరబ్ దేశాల కార్మిక చట్టాలను తెలుగులో చిన్న పుస్తకంగా తెచ్చినా, సెటిల్‌మెంట్ కాగితం ఫొటో వాట్సాప్‌లో పంపితే అర్థం చెప్పే ఒక నంబరు నడిపినా వేల కుటుంబాలకు మేలు జరుగుతుంది.

1983 చట్టం స్థానంలో కొత్త చట్టం కోసం కేంద్రం 2025 అక్టోబరులో ముసాయిదా విడుదల చేసింది. తిరిగొచ్చే ప్రతి కార్మికుడి బాకీని నమోదు చేసే బాధ్యత రాయబార కార్యాలయాల మీద పెడుతూ అందులో ఒక్క సెక్షన్ చేర్చమని మన ఎంపీలు పార్లమెంటులో పట్టుబట్టాలి. నిజామాబాద్, కరీంనగర్, పెద్దపల్లి, ఆదిలాబాద్, జహీరాబాద్ ఎంపీలకు ఇంతకన్నా పెద్ద పని ఏముంది?

చట్టం మారేదాకా ఆగక్కర్లేని పని ఇళ్లల్లో ఉంది. మీ ఇంటి మనిషి గల్ఫ్‌లో ఉంటే ఈ రాత్రి ఫోన్ చేసినప్పుడు నాలుగు ఫొటోలు పంపమని అడగండి. పని ఒప్పందం, అకామా లేదా బతాకా, పాస్‌పోర్టు మొదటి పేజీ, జీతం పడినట్టు చూపించే చివరి ఆరు నెలల బ్యాంకు మెసేజీలు. అవి మీ ఫోన్లో భద్రంగా పెట్టుకోండి. అరబ్బీ కాగితం మీద అర్థం తెలియకుండా సంతకం పెట్టొద్దని, పెట్టక తప్పని పరిస్థితి వస్తే ముందు దాని ఫొటో తీసి పంపమని గట్టిగా చెప్పండి. ఇప్పటికే ఇంటికొచ్చేసినా, ఉద్యోగం పోయి ఏడాది నిండకపోతే దావాకు గడువు ఇంకా ఉంది. ఈ వారమే జిల్లా న్యాయసేవాధికార సంస్థకో, ప్రజాభవన్‌కో కాగితాలతో వెళ్లండి.